పిల్లలకు నేల కావాలి

మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి హన్మకొండ చౌరస్తాను చూస్తే ముందుగా కంటపడేవి కార్ల బంపర్లు, ఆటోల పొగగొట్టాలు. ఫుట్‌పాత్‌ ఉన్నచోట దానిమీద బండ్లు నిలిపి ఉంటాయి. పెద్దల చెయ్యి పట్టుకోకుండా ఒక పసివాడు నిర్భయంగా వంద అడుగులు వేయగల చోట్లు మన వరంగల్‌ నగరంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. ‘మా వాడు ఫోన్‌ వదలడం లేదు’ అనే ముందు మనం చేయాల్సిన పని అది.

పసిపిల్లల ఎత్తు నుంచి నగరాన్ని చూడమన్నది నెదర్లాండ్స్‌కు చెందిన బెర్నార్డ్‌ వాన్‌ లీర్‌ ఫౌండేషన్‌. 2020లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ఆ సంస్థతో కలిసి, ఐదేళ్లలోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ‘నర్చరింగ్‌ నైబర్‌హుడ్స్‌ ఛాలెంజ్‌’ మొదలుపెట్టింది. తొలి వడపోతలో 25 నగరాలు నిలిచాయి. 2022లో ప్రకటించిన పది విజేత నగరాల్లో తెలుగువి రెండు: వరంగల్‌, కాకినాడ. అంత పేరు తెచ్చుకుంది కాబట్టే మన బల్దియాను గట్టిగా అడగాలి. ఒకటి రెండు పార్కుల గోడలకు రంగులు వేస్తే సరిపోదు. ప్రతి వాడలోనూ, పిల్లలు ఇంటినుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఆడుకునే చోటు ఉండాలి.

ఆడితే కాళ్లూ చేతులూ గట్టిపడతాయని ఎవరికీ చెప్పక్కర్లేదు. కళ్ల సంగతే చాలామందికి తెలియదు. తరగతి గదిలో వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్‌ ఉంటుంది. ఆరుబయట ఎండలో అది పది వేలు దాటుతుంది, చెట్టునీడలో సైతం వేలల్లోనే ఉంటుంది. ఆ వెలుగు తగిలినప్పుడు రెటీనాలో డోపమైన్‌ ఎక్కువగా విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని పరిశోధకుల భావన. కనుగుడ్డు సాగితే వచ్చేదే హ్రస్వదృష్టి. బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోతాయి, ఏడాదికేడాది అద్దాల నంబరు పెరుగుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్‌ అదనంగా పెట్టి మూడేళ్లు గమనించారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, ఆ పీరియడ్‌ పెట్టిన బడుల్లో 30.4 శాతం మందికే వచ్చింది. తైవాన్‌ అయితే 2010 నుంచే పిల్లలను రోజుకు రెండు గంటలు బయట ఉంచమని బడులకు చెబుతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడ్‌ను లెక్కల సారుకు అప్పగించే బడులు ఈ అంకెలు చూడాలి.

ఎముకల సంగతీ అంతే. 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్లవారిలో దాదాపు నాలుగోవంతు మందికి విటమిన్‌ డి తక్కువని తేలింది. ఇంత ఎండ కాసే దేశంలో! కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఇందుకు పనికిరాదు, విటమిన్‌ డి తయారుకావడానికి కావాల్సిన కిరణాలను గాజు ఆపేస్తుంది.

ఓరుగల్లు ఎండ ఎలాంటిదో నాకూ తెలుసు. మే నెల మధ్యాహ్నం పిల్లల్ని బయటికి తోలమని ఎవరూ అనరు. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం ఐదు దాటాక చాలినంత సమయం ఉంది. ఐదు నుంచి పదిహేడేళ్లవారు సగటున రోజుకు కనీసం గంటసేపు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇక భయం. 2023 మేలో కాజీపేట రైల్వే కాలనీలో వీధికుక్కల దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాత ఏ తల్లి అయినా గేటు వేసుకుంటే ఆమెను తప్పుపట్టలేం. ‘మా కాలంలో మేం ఆడుకోలేదా’ అన్న మాట ఇక్కడ చెల్లదు. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, పార్కుకు కంచె, వెలిగే లైట్లు, దగ్గర్లో ఒక పెద్దమనిషి ఉంటేనే ఆ భయం తగ్గుతుంది.

నగరంలో నేలకు కరువు లేదు. హన్మకొండ జవహర్‌లాల్‌ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్‌ అథ్లెటిక్స్‌ పోటీలే జరిగాయి. ఆర్ట్స్‌ కాలేజీ మైదానం, పబ్లిక్‌ గార్డెన్‌, భద్రకాళి చెరువు కట్ట, కోట ఉన్నాయి. కానీ ఇవన్నీ పెద్దలు బండి మీద తీసుకెళ్లాల్సిన చోట్లు. పిల్లలకు రోజూ అందేది బడి మైదానమే. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నా, మూడంతస్తుల భవనం తప్ప మరేమీ లేని బడులు మన కళ్లముందే నడుస్తున్నాయి.

పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి కూలిపని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. బడిలో పరుగెత్తుతుంటే వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడింది. 2024లో కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ 400 మీటర్ల టీ20 విభాగం పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, అదే ఏడాది పారిస్‌ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందరు పిల్లలూ పతకాలు తేనక్కర్లేదు. కానీ ఆ బడిలో పరుగెత్తడానికి చోటు, చూడటానికి ఒక సారు లేకపోతే ఆమె సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

బతుకమ్మ పండుగకు గునుగు, తంగేడు కోయడానికి పిల్లలు పెద్దల వెంట చేల గట్లకు వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ పూలను బజారులో కొంటున్నాం. వచ్చే పండుగకైనా పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి చివరి దాకా వెళ్లండి, ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో చూపించండి.

బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. సాయంత్రాలు, ఆదివారాలు మైదానం గేటు తీసి ఉంచి, వాడ పిల్లల్ని రానివ్వండి. కాపలాకు మనిషి లేరంటే తల్లిదండ్రులు వంతులవారీగా కూర్చుంటారు. తల్లిదండ్రులారా, ఆ వంతుల పట్టీలో మొదటి పేరు మీదే రాయించండి.