మెదక్ చర్చి కిటికీలకు వందేళ్లొస్తే?

మాది మాకవరపాలెం. మా దగ్గర్లోని ఏటికొప్పాకలో బొమ్మకు లక్క రంగు పైన అద్దుతారు. మెదక్ చర్చి రంగు అద్దాలది వేరే లెక్క. గాజు కరిగించేటప్పుడే రంగు కలిసిపోతుంది. నీలానికి కోబాల్ట్, కొన్ని ఎరుపులకైతే ఏకంగా బంగారం! ముఖాల గీతలు మాత్రం పైన వేసి కొలిమిలో కాలుస్తారు. ముక్కల్ని సీసం పట్టీల్లో బిగించి టంకం వేస్తారు. ఎండున్నప్పుడు లోపల నిలబడి చూడండి, ఫోన్ కెమెరా చాలదు.

ముందు ముసలిదయ్యేది గాజు కాదు, సీసం. వందేళ్లు అటూ ఇటూగా దాని బలం తగ్గి కిటికీ ఉబ్బుతుంది. అప్పుడు కాగితం మీద అచ్చు తీసుకుని, మొత్తం విప్పి, అదే గాజును కొత్త సీసంలో కూర్చాలి. పగిలిన ముక్కనూ పారేయరు, అతికిస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన ఈ మూడు కిటికీల్లో రెండు 1947, 1958లో వచ్చాయి. క్రీస్తు ఆరోహణ కిటికీ మాత్రం 1927 నాటిది. దానికి ఆ వయసు దగ్గర పడింది.