ఆరు పెన్నీల పక్షి

సరిగ్గా పది సిగరెట్ల ధర. 1935 జులైలో లండన్‌లో అలెన్ లేన్ విడుదల చేసిన పది పుస్తకాలకు ఆయన నిర్ణయించిన వెల అదే: ఒక్కోటి ఆరు పెన్నీలు. గట్టి అట్ట నవల కొనాలంటే అప్పట్లో దానికి పదిహేను రెట్లు చెల్లించాలి. ఈ బేరం గిట్టదని తోటి ప్రచురణకర్తలు పెదవి విరిచారు. చవక సరుకులమ్మే వూల్‌వర్త్ దుకాణాలు 63 వేలకు పైగా ప్రతులకు ఆర్డరిచ్చాకే లేన్ ఊపిరి పీల్చుకున్నారు. పెంగ్విన్ అన్న పేరు ఆయన కార్యదర్శి సూచన. బొమ్మ కోసం ఓ యువ ఉద్యోగిని జంతు ప్రదర్శనశాలకు పంపారు.

1937లో మొదలైన విజ్ఞాన గ్రంథాల శ్రేణి పెలికాన్ తొలి సంపాదకుల్లో అప్పటికి లండన్‌లోనే ఉంటున్న వి.కె. కృష్ణ మీనన్ ఒకరు. లేన్‌తో ఆయనకు ఎంతోకాలం పొసగలేదు. (మీనన్‌తో ఎవరికి పొసిగింది గనుక!)

అసలు పరీక్ష 1960లో ఎదురైంది. డి.హెచ్. లారెన్స్ నవల 'లేడీ చాటర్లీస్ లవర్'ను కత్తిరింపుల్లేకుండా 2 లక్షల ప్రతులు ముద్రించి, కేసు తప్పదని తెలిసీ లేన్ వెనక్కి తగ్గలేదు. అశ్లీలత చట్టం కింద విచారణ లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో జరిగింది. మీ భార్య గానీ, నౌకర్లు గానీ ఈ పుస్తకం చదవడం మీకు ఇష్టమేనా అని ప్రాసిక్యూటర్ జ్యూరీని అడిగారు. మూడున్నర షిల్లింగుల ధర మీద ప్రభుత్వానికున్న భయమంతా ఆ ప్రశ్నలోనే బయటపడింది. ఖరీదైన పుస్తకం పెద్దమనుషుల అల్మరాలో ఉంటుంది, చవకది పనిమనిషి చేతికీ అందుతుంది. నవంబర్ 2న జ్యూరీ పెంగ్విన్‌ను నిర్దోషిగా తేల్చింది. ముద్రించిన ప్రతులు అమ్మకానికి పెట్టిన రోజే చెల్లిపోయాయి. భారత్‌లో మాత్రం అదే నవల అమ్మిన ముంబయి దుకాణదారు శిక్షను 1964లో సుప్రీం కోర్టు ఖరారు చేసింది.

లేన్ 1970లో మరణించారు. సంస్థ ఆ ఏడాదే పియర్సన్ చేతికి వెళ్లింది, 2013లో రాండమ్ హౌస్‌తో కలిసింది. భారత్‌లో 1985లో అడుగుపెట్టిన పెంగ్విన్‌కు ఇక్కడా కోర్టు తప్పలేదు. వెండీ డోనిగర్ రాసిన 'ది హిందూస్'పై దావా నాలుగో ఏట పడింది. 2014 ఫిబ్రవరిలో, తీర్పు దాకా ఆగకుండా, పుస్తకాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించి మిగిలిన ప్రతులను గుజ్జు చేసేందుకు సంస్థ రాజీపడింది. భారత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షన్ ప్రచురణకర్తల చేతులు కట్టేస్తోందని, సిబ్బంది భద్రత కూడా చూసుకోవాలని వివరణ ఇచ్చుకుంది. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ లేన్‌కూ న్యాయవాదులు జైలు శిక్ష ప్రమాదం చెప్పే ఉంటారు. డోనిగర్ పుస్తకాన్ని తర్వాత భారత్‌లో మళ్లీ అచ్చేసింది స్పీకింగ్ టైగర్ అనే చిన్న సంస్థ.