కల్వంలో రసాయనశాస్త్రం

గుడియాత్తం మీదుగా వచ్చే కౌండిన్య నది పాలారుకు ఉపనది. వేలూరు ప్రాంతంలో తోళ్ళ పరిశ్రమల మురుగునీటివల్ల పాలారు ఎంతగా చెడిందో 1996లో సుప్రీంకోర్టు తన తీర్పులో తెలిపింది. కనుక ఏ పరిశ్రమలోనైనా పని ముగిశాక మిగిలే ద్రవాన్ని గురించి ఆలోచించాలి.

మందుల తయారీలో పదార్థాలను సాధారణంగా ఒక ద్రవంలో కరిగించి చర్య జరుపుతారు. ఆ ద్రవమే ద్రావణి. వాడే పదార్థాలలో సింహభాగం అదే. ద్రావణులలో కొన్ని మండేవి, కొన్ని విషపూరితమైనవి.

ద్రావణి లేకుండా చర్య జరగదా? జరుగుతుంది. మన వైద్యులు పూర్వమే పాదరసాన్ని, గంధకాన్ని కల్వంలో నూరి నల్లని కజ్జలి చేసేవారు. పాదరసం విషం కాబట్టి విద్యార్థులు దీనిని చేసి చూడరాదు. నూరేటప్పుడు రేణువులు చిన్నవై, కొత్త తలాలు బయటపడి, ఒకదానికొకటి బాగా తగులుతాయి. రాపిడి కావలసిన శక్తినిస్తుంది.

నేడు కల్వంతోపాటు గుండ్లు తిరిగే మరలనూ వాడుతున్నారు. ఆల్డిహైడును, కీటోనును కొద్దిపాటి సోడియం హైడ్రాక్సైడుతో నూరితే చాల్కోన్లు తయారవుతాయి. కొత్త మందులకోసం శాస్త్రజ్ఞులు పరిశీలించే పదార్థాలలో ఇవీ ఉన్నాయి.

తయారైనదాన్ని శుద్ధి చేయడానికి కొంత ద్రావణి అవసరం కావచ్చు. అయినా దాని వాడకం తగ్గినకొద్దీ నీటికీ, నేలకూ మేలే.