ఇద్దరు ముసలమ్మలు

అలాస్కా భూమికి ఉత్తరం కొసన ఉంది. అక్కడ చలికాలమంతా మంచే. అక్కడి తల్లులు చెప్పుకున్న కథను వెల్మా వాలిస్ అనే ఆమె నవలగా రాసింది. 1993లో అచ్చయింది.

ఓ చలికాలం తిండికి కరువొచ్చింది. గూడెంవాళ్ళు ఇద్దరు ముసలమ్మలను మంచులో వదిలేసి పోయారు. ఒకామెకు 80 ఏళ్ళు, ఇంకొకామెకు 75. పెద్దామె కన్నకూతురు కూడా నోరెత్తలేదు. తోలు పట్టెలు మాత్రం ఇచ్చింది. మనవడు తన చిన్న గొడ్డలిని చెట్టులో దాచిపెట్టి పోయాడు. ఆ చలిలో గొడ్డలంటే ప్రాణమే.

75 ఏళ్ళావిడ గొడ్డలి విసిరి ఉడుతను కొట్టింది. పడుచుతనంలో నేర్చిన పనులన్నీ గుర్తొచ్చాయి. తోలుతో ఉచ్చులు పన్నారు. కుందేళ్ళు పడ్డాయి. ఎండాకాలం చేపలు పట్టి, ఎండబెట్టి దాచారు.

మరుసటి చలికాలం గూడెంవాళ్ళు ఆకలితో మళ్ళీ అటే వచ్చారు. ముసలమ్మలు బతికే ఉన్నారు! వెంటనే నమ్మలేదు గానీ, తిండి పెట్టారు. కూతురు మాత్రం సిగ్గుతో చాలా రోజులు తల్లి ముందుకు రాలేదు.