నాలుగు గడులు, ఒక ఆదివారం పుట

పాత పత్రికల కామిక్ స్ట్రిప్‌లు ఇప్పుడు ఫోను తెరమీదికి చేరాయి. అయితే అన్నీ అందులో ఒకే తీరున ఒదగవు. దానికి కారణం వాటి పుట్టుకలోనే ఉన్నది.

1950 అక్టోబరు 2న ఏడు పత్రికలలో మొదలైన 'పీనట్స్'ను (ఆ పేరు చార్లెస్ షుల్జ్‌కు ఏనాడూ నచ్చలేదు) పంపిణీ సంస్థ తక్కువ చోటులో ఇమిడే బొమ్మలుగా అమ్మింది. నాలుగు సమానమైన గడులు. వాటిని పత్రికవారు అడ్డంగా, నిలువుగా, లేదా రెండేసి చొప్పున చతురస్రంగా పేర్చుకోవచ్చు. పొదుపు కోసం విధించిన ఆ కొలతలోనే షుల్జ్ తన లయను వెతుక్కున్నారు. మూడవ గడిలో ఒక మౌనం, నాలుగవ దానిలో చార్లీ బ్రౌన్ నిట్టూర్పు.

1985లో 'కాల్విన్ అండ్ హాబ్స్' ప్రారంభించిన బిల్ వాటర్సన్‌కు ఇటువంటి కొలతలు ఊపిరాడనివ్వలేదు. ఆదివారం స్ట్రిప్‌లో పై వరుసను పత్రికలు తమ వీలునుబట్టి తీసివేసేవి. కనుక కథకు అవసరమైనదేదీ ఆ వరుసలో పెట్టడానికి వీలుండేది కాదు. విడదీయరాని అరపుటగానే తన బొమ్మను ఇవ్వాలని ఆయన పట్టుబట్టి, 1992లో సాధించారు. కొందరు సంపాదకులు గొణిగినా, ఆ తరువాతి ఆదివారాలలో డైనోసార్లకూ మంచుకొండలకూ కావలసినంత చోటు దొరికింది.

షుల్జ్ గడులు ఫోనులో ఒకదాని కింద ఒకటి వచ్చినా హాస్యం చెడదు. వాటర్సన్ ఆదివారం పుట మాత్రం అందులో కుంచించుకుపోతుంది. అక్షరాల కోసం పెద్దది చేస్తే బొమ్మ ముక్కలవుతుంది. 1992 తరువాతి ఆదివారాలను పెద్ద తెరమీదనే చదవాలి.