‘పరయా’ ఎవరి పేరు?

ప్రపంచం దూరం పెట్టిన దేశాన్ని ఆంగ్ల పత్రికలు ‘పరయా’ దేశం అంటాయి. అది తమిళనాట పరయర్ల కులనామం. ‘పరై’ అంటే డప్పు. దాని నుంచే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. నిజానికి డప్పు వాయించింది వారిలో కొందరే, అత్యధికులు వ్యవసాయ కూలీలు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులో చేరిన ఈ కులనామం క్రమంగా సమాజం వెలివేసిన ఎవరికైనా, చివరకు ఊరకుక్కకు సైతం వర్తించింది. మాక్స్ వెబర్ యూదులను ‘పరయా ప్రజ’ అన్నాడు. ఇన్ని అర్థాలలోనూ వెలికి గురైనవారి పేరే నిలిచింది. వెలివేసినవారి పేరు ఎక్కడా అంటలేదు.

1893లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసులో పత్రిక పెట్టి, దానికి ‘పరయన్’ అనే పేరునే ఎంచుకున్నారు. ఆత్మగౌరవంతో ఆయన తలకెక్కించుకున్న ఆ పేరును మన దేశపు ఆంగ్ల సంపాదకీయాలు ఇప్పటికీ నిందగానే అచ్చువేస్తున్నాయి.