బంతి చేతికి వచ్చువరకు



గత మాసమున పొరుగు పాఠశాలవారితో జరిగిన బాస్కెట్‌బాల్ పోటీలో మన జట్టు ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయినది. తిరుగు ప్రయాణమున బస్సులో ఒక బాలుడు, "అయ్యవారూ, వాళ్లు పొడుగు, మేము పొట్టి. ఏం చేయగలం?" అని దిగులుపడెను. కొందరు తలిదండ్రులును ఇట్లే తలంచుచున్నారని వింటిని. నేను తెలుగు పండితుడనే గాని వ్యాయామోపాధ్యాయుడను కాను. అయినను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఈ ఆటను కొంత అభ్యసించితిని. ఆనాటి పోటీని చూచుచు నేను వ్రాసికొనిన లెక్క ఓటమికి వేరొక కారణమును చెప్పుచున్నది.

ఎదుటివారు వేసిన బంతులలో ముప్పది గురి తప్పి వెనుకకు వచ్చినవి. వానిలో పదునారింటిని మనవారు పట్టుకొనిరి. పదునాలుగింటిని వారే తిరిగి పట్టుకొని, వానివలన 12 పాయింట్లు సంపాదించిరి. మనము ఓడినది ఆరు పాయింట్లతోనే గదా!

గురి తప్పి పలకకో వలయమునకో తగిలి వచ్చిన బంతిని పట్టుటకే రీబౌండు అని పేరు. ఎదుటివారి బంతిని మనము పట్టినచో అది రక్షణ రీబౌండు. ఎదుటివాడు గురి తప్పునట్లు చేయుటతో రక్షణ ముగిసినదని మనవారు భావించుచున్నారు. ఇల్లు అలుకగానే పండుగ కాదు. నేటి అంతర్జాతీయ నియమముల ప్రకారము ఒక జట్టు 24 సెకండ్లలో బంతిని వేయవలెను. వలయమునకు తగిలిన బంతిని ఆ జట్టే తిరిగి పట్టినచో మరల 14 సెకండ్ల గడువు లభించును. మనము పడిన శ్రమ అంతయు అప్పుడు మొదటికి వచ్చును.

ఎత్తు ఉపకరించదని నేననను. కాని వలయము నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉన్నది. తగిలి వచ్చిన బంతి పెక్కుమార్లు దానికి దిగువకు పడిన పిదపనే చేతికందును. కావున ఎగురుటకంటె ముందు చోటు సంపాదించుట ముఖ్యము. అమెరికా దేశపు ఎన్.బి.ఏ. పోటీలలో డెన్నిస్ రాడ్‌మన్ అను ఆటగాడు ఏడడుగుల వారి నడుమ ఆరడుగుల ఏడంగుళముల వాడై యుండియు, 1992 మొదలు 1998 వరకు వరుసగా ఏడు సంవత్సరములు రీబౌండులలో ప్రథముడుగా నిలిచెను. నియమములును చోటును గుర్తించినవి: ఫ్రీ త్రో వేయునప్పుడు బుట్టకు మిక్కిలి దగ్గరగా ఇరుప్రక్కల నుండు స్థానములు రక్షణ జట్టువే.

చోటు సంపాదించు పద్ధతి ఇది.

మొదట, బంతి గాలిలోనికి లేవగానే ఎల్లరును తలలెత్తి దానినే చూచుట మన పెద్ద లోపము. ముందు మీ ఎదుటివాడు ఎటు కదలునో చూడుడు.

రెండవది, అతని వైపునకు ఒక అడుగు వేసి, కాలు ఆనించి తిరిగి, మీ వీపు అతనికి తగులునట్లు నిలువుడు. పాదములు ఎడముగా, మోకాళ్లు వంచి, చేతులు పైకెత్తి యుండవలెను. దీనినే బాక్స్ ఔట్ అందురు. చేతులతో పట్టుటయు నెట్టుటయు ఫౌలగును.

మూడవది, అప్పుడు బంతిని చూడుడు. మూలనుండి వేసిన బంతి ఎక్కువగా ఎదుటి ప్రక్కకు పడును; దూరమునుండి వేసినది దూరముగా ఎగిరిపడును. అందుచేత గార్డులు ముందే అవతలి బుట్టవైపు పరుగెత్తరాదు.

నాలుగవది, రెండు చేతులతో పట్టి, గడ్డమువద్ద ఉంచుకొని, ప్రక్కగీత వైపు తిరిగి తోటివానికి అందింపుడు. క్రిందికి దించిన బంతిని పొట్టివాడును తన్నుకొనిపోవును.

సాధనకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ముగ్గురు రక్షకులు, ముగ్గురు దాడివారు నిలువవలెను. ఒకరు బుద్ధిపూర్వకముగా గురి తప్పి వేయవలెను. రక్షకులు వరుసగా మూడు బంతులు పట్టువరకు చోటు మారరాదు. దినమునకు పదునైదు నిమిషములు చాలును.

కడపట ఒక మాట. ఆనాటి పోటీ రెండవ భాగమున మన జట్టులో అందరికంటె పొట్టివాడైన బాలుడు తనకంటె జానెడు పొడుగైనవానిని బుట్టవద్దకు రానీయలేదు. అతనికి ఒక్క బంతియు చిక్కలేదు; అతని ప్రక్కవానికి ఐదు చిక్కినవి. స్కోరు కాగితమున ఆ బాలుని పేరునకెదుట సున్నయే కలదు. బస్సులో దిగులుపడినది అతడే. ఇకమీదట మన లెక్కపుస్తకమున "అడ్డు" అని వేరొక వరుస గీసి, అట్టివారి పనిని వ్రాసెదను. తలిదండ్రులారా, మీరును రాబోవు పోటీకి వచ్చి, బంతి పట్టినవానితోపాటు దారి కట్టినవానిని గూడ చూడుడు. అతనికిని చప్పట్లు కొట్టుడు.